నల్లరేగడి గట్టున ఇద్దరం

మాది కోవిల్‌పట్టి, నేను అన్నా అని పిలిచే స్నేహితుడిది విరుదునగర్. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. బడి, బజారు, సినిమా అన్నీ తమిళం. ఉద్యోగాలకు ఒకే రైల్లో తిరిగేవాళ్లం. ఒకరోజు ఆయన సంచిలో నీటిరంగుల పెట్టె కనిపించింది. నా చేతిలో బొమ్మల పుస్తకం ఉంది. సాత్తూరు వచ్చేసరికి నా పుస్తకం ఆయన ఒళ్లో ఉంది. ఆ తర్వాత ఆదివారాలన్నీ మావే.

కోవిల్‌పట్టిలో పెరిగినవాళ్లకు బొమ్మలంటే క్యాలెండర్ దేవుళ్లే. మద్రాసులో చిత్రకళ నేర్చి, నాటక కంపెనీకి తెరలు గీసిన సి. కొండయ్యరాజు 1940లలో మా ఊళ్లో స్థిరపడ్డారు. ఆయనా, టి.ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం లాంటి శిష్యులూ గీసిన మురుగన్, లక్ష్మి, సరస్వతి బొమ్మలు శివకాశిలో అచ్చయి ఇంటింటి గోడకూ చేరాయి. 1976లో ఆయన పోయారు. ఆ చేతిపని మీద మా ఇద్దరికీ భక్తి. కానీ అన్న ఒక మాట అనేవాడు:

"ఆ దేవుళ్ల వెనకాల చూడు తమ్ముడూ. జలపాతం, కొలను, మంచుకొండ. మన నేల మాత్రం కనబడదు. అది మనం వేద్దాం."

మన నేలంటే నల్లరేగడి, తమిళంలో కరిసల్ అంటారు. పొద్దెక్కితే కాగితం మీద నీళ్లు నిలవవు. రంగు పరుచుకునేలోపే ఆరి, అంచులు గీతలు కడతాయి. అందుకని అన్న కాగితాన్ని రెండువైపులా తడిపి పలక మీద పరిచేవాడు. ఆ తడి ఉండగానే ఆకాశం పూర్తికావాలి. నల్లరంగు ఆయన పెట్టెలో ఉండేదే కాదు. ముదురు గోధుమలో నీలం కలిపేవాడు. "వాన పడ్డ చేను నీలంగా ఉంటుంది. ఎండాకాలం పగిలినప్పుడు బూడిదరంగు. రెంటికీ ఒకే నలుపు ఎట్లా పనికొస్తుంది?" అనేవాడు. చిత్రకళ గురించి నేను చదివిన పుస్తకాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు.

ఐప్పసి వానలకు, అంటే ఆశ్వయుజ కార్తీకాల వానలకు, ముందొకసారీ వెనకొకసారీ ఇడైసెవల్ దగ్గర ఒకే చేను వేశాం. కి. రాజనారాయణన్ ఊరది. తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, ఆంధ్ర నుంచి ఈ కరిసల్‌కు వలస వచ్చినవాళ్ల కథను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాసిన మనిషి ఆయన. మేకలు కాసే ముసలాయన ఒకడు మా వెనక చాలాసేపు నిలబడి, చివరికి తెలుగులోనే అడిగాడు: "ఆ కొసన తాటిచెట్టు ఏమైందప్పా?" బొమ్మ కుదురుగా ఉంటుందని అన్న దాన్ని వదిలేశాడు. మారుమాట లేకుండా కుంచె తీసి చెట్టు నిలబెట్టాడు. "రోజూ దాని నీడన కూర్చునేది ఆయన కదా" అన్నాడు నాతో.

కళుగుమలై మా ఇద్దరికీ అన్నిటికన్నా ఇష్టమైన చోటు. అక్కడి వెట్టువాన్ కోయిల్ 8వ శతాబ్దపు పాండ్యుల పని. కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి, పూర్తికాకుండానే ఆపేశారు. నేను శిల్పాలున్న విమానం వేసేవాణ్ణి. అన్న అడుగున ఉలి తగలని రాయి వేసేవాడు. పక్కపక్కన కూర్చుని లేచేసరికి రెండు కాగితాల మీద రెండు కొండలు. ఎవరిది సరైనదన్న మాట ఎప్పుడూ రాలేదు. మా స్నేహం అక్కడే గట్టిపడిందనుకుంటాను.

విరుదునగర్‌లో తెప్పకుళం చుట్టూ బజారు వేయడం కష్టం. మిరపకాయల ఘాటు, జనం, బళ్లు. అన్న మాత్రం అక్కడే పుట్టాడు గనుక ఎంత రద్దీలోనైనా గీత తొణికేది కాదు.

మోకాళ్లు మొరాయించాక ఆయన కొండెక్కలేదు. గట్ల మీదికి మాత్రం చివరిదాకా వచ్చాడు. ఆయన పోయాక కూడా నేను వెళ్తున్నాను. "ఆకాశం ఆరిపోతోంది, తొందరపడు" అనే మనిషి లేడు. ఒక్కడినే చేసిన పనిలో ఆ తొందర రాదు, ఆ తడి రాదు. ఇది నా బొమ్మల్ని నేనే పక్కపక్కన పెట్టి చూసి చెబుతున్న మాట.

మేం కూర్చున్న చేలల్లో కొన్ని ఇప్పుడు ఇళ్ల స్థలాలయ్యాయి. మీ ఊరి పొలం ఇంకా పొలంగా ఉంటే, ఎండ ఎక్కకముందే కాగితం, రంగులు పట్టుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.