మంచె మీద నిద్ర

మంచం, మంచె - రెండు మాటలకూ మూలం సంస్కృతంలోని ‘మంచ’. హిందీవాళ్ళ ‘మచాన్’ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. వేట కథల పుణ్యమా అని అది ఇంగ్లీషులోకి కూడా ఎక్కి కూర్చుంది. తమిళంలో దీన్ని ‘పరణ్’ అంటారు. మా హోసూరు పిల్లలకు బడి పరణ్ నేర్పింది, ఇంగ్లీషు పుస్తకాలు మచాన్ నేర్పాయి. ఇంటి మాటైన మంచె మాత్రం తాతలతోనే పోయేలా ఉంది.

మా వైపు మచాన్‌కు పేరు తెచ్చినవాడు కెనెత్ ఆండర్సన్. 1910లో బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, 1974లో కన్నుమూశాడు. మనిషి తెల్లవాడే గానీ పుట్టుక మాత్రం తెలుగు నేల మీదే! 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో మా జవళగిరి పులీ ఉంది, గుమ్మలాపురం చిరుతా ఉంది. ఆ చిరుత 42 మందిని పొట్టన పెట్టుకుందని ఆయన లెక్క. రాత్రి కాపు కాయడానికి ఆయన చాలాసార్లు వాడింది మన ఇళ్ళలో ఉండే మంచాన్నే. దాన్ని చెట్టు కొమ్మల మధ్య తాళ్ళతో బిగించి, చుట్టూ ఆకులు కప్పి, తెల్లవార్లూ దానిమీద కూర్చునేవాడు. కర్రలతో కట్టిన మచాన్ కదిలితే కిర్రుమంటుంది, మంచానికి ఆ బాధ తక్కువ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేటల కాలం ముగిసింది. ఆ అడవిలో చాలా భాగం 2014లో కావేరి ఉత్తర అభయారణ్యమైంది.

వేటగాడు దిగిపోయాడు. రైతు మాత్రం ఇంకా మంచె దిగలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, అమెరికాలో ఉన్న మా మేనల్లుడు మొన్న సెలవులకు వస్తూ ఒక నైలాన్ ఉయ్యాల తెచ్చాడు. హ్యామక్ అంటారు. మడిస్తే చెంబంత మూట, విప్పితే మనిషి పట్టేంత పడక. అక్కడ జింకల వేటకు లోపలి అడవుల్లోకి నడిచి వెళ్ళేవాళ్ళు గుడారం బదులు దీన్ని మోసుకుపోతారట. నేల వాలుగా ఉన్నా, తడిగా ఉన్నా, రాళ్ళున్నా బాధ లేదు, రెండు చెట్లుంటే చాలు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1492లో కొలంబస్ దిగిన దీవుల్లోనే జనం వలల్లో పడుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు పైన కప్పూ, చుట్టూ దోమతెరా కుట్టిన ఉయ్యాలలు ఇచ్చారు. మన చంటిపిల్లల చీర ఉయ్యాల మాత్రం ఏం తక్కువ?

డెంకణికోట దగ్గర మా మామ చేను అడవి అంచున ఉంది. మేనల్లుడు ఉయ్యాలను అక్కడే, చేని గట్టున ఉన్న రెండు కానుగ చెట్లకు కట్టి, రాత్రి పడుకుంటానన్నాడు. డెబ్బై దాటిన మామ ముందు తానే అందులోకి ఎక్కి పడుకున్నాడు. కాసేపు ఊగాడు. బయటికి రావడానికి నానా తంటాలు పడి, చివరికి నేను చెయ్యిస్తే లేచాడు.

“పండుకునేకి బాగుందిరా అబ్బోడా. లేసేకి ఎంతసేపు పడ్తాదో సూస్తివి కదా. ఏనుగు వొచ్చినప్పుడు నీకెవుడు చెయ్యిస్తాడు?”

వాడు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఉయ్యాల నేలకు మూడడుగుల ఎత్తులో ఉంది. ఏనుగు తొండానికి అది ఒక లెక్కా?

మంచె సంగతి వేరు. మామ చింతచెట్టు మీద కట్టిన మంచెకు నిచ్చెన వేసుకుని ఎక్కాలి. వాసాలు పరిచి, వాటి మీద జానెడు మందాన గడ్డి వేసి, ఆ పైన కంబళి పరుస్తాడు. హోసూరు వైపు నేల సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తు. రాగి కోతల నాటికి చలి ఎముకలు కొరుకుతుంది. చలి పైనుంచి వస్తుందనుకుంటాం గానీ, నిజానికి గాలి తగిలేది పడక కిందనుంచి. పల్చని గుడ్డ మీద పడుకుంటే మన బరువుకు కింది దుప్పటి అణిగిపోయి, అందులోని గాలి పోతుంది. వెచ్చదనం ఉండేది ఆ గాలిలోనే. అందుకే ఉయ్యాలలో పడుకునేవాళ్ళు అడుగున వేరే బొంత వేలాడదీస్తారని మేనల్లుడే చెప్పాడు. మామ గడ్డి చేసే పనీ అదే. అందులో అడ్డంగా, కాస్త మూలగా పడుకుంటే నడుము వంగదని కూడా వాడు చూపించాడు. ఆ కిటుకు మామకు నచ్చింది.

ఏటా వానలు వెనకబట్టాక ఏనుగులు బన్నేరుఘట్ట అడవి నుంచి జవళగిరి మీదుగా మా వైపుకు వస్తాయి. సానమావు అడవి దాకా కూడా పోతాయి. పంట చేతికొచ్చే వేళకే వాటి రాక. మంచె మీద మామ దగ్గర టార్చిలైటు, ఒక ఖాళీ డబ్బా, టపాకాయలు ఉంటాయి. నేను ఆయనతో మూడు రాత్రులున్నాను. ఆయన నిద్రపోతున్నాడనే అనుకున్నాను. మూడో రాత్రి నాకు వినబడని చప్పుడేదో విని లేచి కూర్చున్నాడు. కొమ్మ విరిగిన శబ్దం నాకు ఆ తర్వాత వినిపించింది. లైటు వేశాడు, డబ్బా వాయించాడు. పావుగంటకు చీకటి మళ్ళీ సద్దుమణిగింది. “ఇంగ పండుకో” అని నాకు కంబళి కప్పి, తాను మాత్రం కూర్చునే ఉన్నాడు.

ఈ అవస్థంతా ఎందుకు, తీగ కట్టి కరెంటు పెడితే పోదా అనేవాళ్ళూ ఉన్నారు. పక్కనే ధర్మపురి జిల్లాలో, మారండహళ్ళి వైపు, 2023 మార్చిలో అలా అక్రమంగా పెట్టిన కరెంటు తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చిపోయాయి. రెండు గున్నలు మిగిలాయి. ఆ మాట ఎత్తితే మామ అన్నం ముందునుంచి లేచిపోతాడు.

మేనల్లుడు పోతూ పోతూ ఉయ్యాలను ఇక్కడే వదిలిపోయాడు. మామ దాన్ని పగలు వాడుతున్నాడు, చింతచెట్టు నీడలో, మధ్యాహ్నం సంగటి తిన్నాక. ఈమధ్య ఆయన మోకాళ్ళు నిచ్చెనకు సహకరించడం లేదు. పెద్దకొడుకుది సిప్కాట్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, చిన్నవాడు బెంగుళూరులో. ఈసారి రాగి కంకి పట్టేనాటికి మంచె ఎవరెక్కాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.