మెతుకుసీమలో పిడికెడు బియ్యం

మెదక్ పాతపేరు మెతుకుసీమ. అన్నం మెతుకు పేరు పెట్టుకున్న ఆ నేలమీదే, మెతుకు దొరకని రోజుల్లో లేచింది మెదక్ చర్చి!

హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఊరు దగ్గరపడేసరికి 175 అడుగుల గంటగోపురం పలకరిస్తుంది. ఆవరణలోకి అడుగుపెట్టి నడుస్తుంటే తెల్లటి రాతికట్టడం అంతకంతకూ పెద్దదవుతుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. ఒకేసారి అయిదువేల మంది ప్రార్థన చేసుకోవచ్చు. కాళ్లకింద రంగురంగుల పలకలు... ఇంగ్లండ్ నుంచి ఓడలో తెప్పించినవి.

ఎవరైనా ముందు ఆగేది మాత్రం రంగు గాజు కిటికీల దగ్గరే. ఒకవైపు పశువులపాకలో క్రీస్తు జననం, మరోవైపు సిలువ మరణం, బలిపీఠం వెనక ఆరోహణం. గాజుముక్కల మీద బయటి వెలుగు పడితేనే బొమ్మ కనిపిస్తుంది. పసిబిడ్డ నుంచి సిలువ వరకూ తనను తాను అప్పగించుకున్న ఒక జీవితం మూడు కిటికీల్లో ఇమిడిపోయింది. చదువురాని వాళ్లకీ అర్థమయ్యే బైబిలు అది.

ఇక కరువు సంగతి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అప్పటికే చాలా ఏళ్లుగా మెదక్‌లో ఉంటున్నారు. 1914 ప్రాంతంలో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కరువు వచ్చిపడింది. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే తిండి పెట్టకుండా పని చూపించారాయన. చర్చి కట్టాలి, కూలికి బదులు తిండి. తర్వాతి కాలంలో మనం పనికి ఆహారం అన్నామే, అలాంటిదే. పదేళ్లు సాగిన పని పూర్తయి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కి వందేళ్లు నిండాయి.

ఈ కథని రెండు రకాలుగా చెబుతుంటారు. ‘దొర దయతలచి అన్నం పెట్టాడు’ అనేది ఒకటి. ‘అన్నం ఆశచూపి మతంలో కలుపుకున్నారు’ అనేది మరొకటి. రెండింట్లోనూ రాయి మోసినవాడు కనిపించడు. ఆకలితో ఉన్నవాడి చెమటని త్యాగం అని పొగడటం నాకు నచ్చదు. వద్దనే వీలున్నవాడు ఇస్తేనే త్యాగం. ఆ కూలీకి ఆ వీలెక్కడిది? అయితే అది భిక్షా కాదు. తిన్న ప్రతి ముద్దకీ పని చేశాడు. తమది త్యాగం అని చెప్పుకోదగ్గది ఆ పేదలు ఇచ్చింది వేరే ఉంది. అది వంటింట్లో ఉంది.

తెలుగు సంఘాల్లో పాత అలవాటొకటి ఉంది. ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుడి వంతు. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరుతుంది. దోర్నకల్ బిషప్ అజరయ్య - 1912లో బిషప్ అయిన ఈయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ - ఇవ్వడమనేది పేదలకి కూడా ఆరాధనలో భాగమేనని గట్టిగా చెప్పారు. పిల్లలకి చాలీచాలని ఇంట్లో పిడికెడంటే మాటలా? రేపటి వంటకి దేవుడే చూసుకుంటాడన్న నమ్మకం ఉంటేనే ఆ చెయ్యి కుండలోకి వెళ్తుంది. రెండు కాసులు వేసిన పేద విధవరాలి కథ సువార్తల్లో ఉంది కదా, ఆమె మన పల్లెల్లో పుట్టినా ఇదే చేసేది.

కోతల పండుగలో అయితే సందడే సందడి. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు... ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన కాగానే వేలంపాట! బజార్లో పదిరూపాయలు చేసే కాయని పంతం పట్టి పదింతలకి పాడుకునేవాళ్లుంటారు. సొమ్ము సంఘానికి, కాయ ఇంటికి.

ప్రభుభోజన సంస్కారం మాత్రం నిశ్శబ్దంగా జరుగుతుంది. వరసలో మోకరించి, ఖాళీ అరచేతులు చాపుతారు. రొట్టెముక్క చేతిలో పడేదాకా వేచి ఉండాలి, తీసుకోకూడదు. ఈ ప్రాంతపు తొలితరం క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. ఊళ్లో గుడి గడప తొక్కనివ్వని కాలం అది. అలాంటివాళ్లు దేవుడి బల్ల దగ్గరకి అందరితోపాటు ఒకే వరసలో వెళ్లడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

క్రిస్మస్ రోజు తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. క్రైస్తవులే కాదు, మొక్కులున్న అన్ని మతాలవాళ్లూ వస్తారు. ప్రశాంతంగా చూడాలంటే మాత్రం మామూలు రోజున బయల్దేరండి. బస్సులు సరేసరి, 2022 నుంచి మెదక్‌కి రైలూ ఉంది. పొద్దు వాలకముందే లోపలికి వెళ్లాలి. చీకటి పడితే కిటికీల్లో బొమ్మలుండవు, నల్లటి గాజే.