తేదీ మీద బొటనవేలు

ఆగస్టు 4, 2025, సోమవారం

ఆఫీసు తాళం తీసేసరికే ఒకతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గట్టు తగాదా. కర్రతో కొట్టాడని పక్క చేనువాళ్లు కేసు పెట్టారు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమే. "స్టేషన్‌కి పిలిస్తే ఎందుకు వెళ్లలేదయ్యా?" అంటే ఫోన్ తీసి చూపించాడు. వాట్సాప్‌లో నోటీసు ఫొటో, కాస్త వంకరగా ఉంది. కాగితం పట్టుకున్నవారి బొటనవేలు సరిగ్గా తేదీ మీద పడింది. "ఉదయం 10 గంటలకు" అన్నది కనబడుతోంది. ఏ రోజో వేలి కింద ఉండిపోయింది.

"ఏదో లోను కంపెనీవాళ్లది అనుకున్నా సార్" అన్నాడు. నోటీసు అందినా రాలేదని స్టేషన్‌లో రాసుకున్నారట. అరెస్టు భయంతో ముందస్తు బెయిల్ కోసం వచ్చాడు.

ఆగస్టు 5, మంగళవారం

నిన్న చూసినలాంటి నోటీసును సెక్షన్ 35(3) అని మా కోర్టు ఆవరణలో ఎవరూ అనరు. 2024 జూలై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ పోయి కొత్తది బీఎన్ఎస్ఎస్ వచ్చినా, ప్లీడరు గుమాస్తా దగ్గర్నుంచి కానిస్టేబుల్ దాకా అందరికీ అది ఇంకా 'ఫార్టీవన్ ఏ' నోటీసే. ఊళ్లో దాని పేరు స్టేషన్ బెయిల్. నిజానికి అది బెయిల్ కాదు. 'పిలిచినప్పుడు వచ్చి విచారణకు సహకరించు' అని చెప్పే కాగితం. వస్తున్నంత కాలం, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. రాకపోతే అదే కాగితం అరెస్టుకు దారి.

అర్ణేశ్ కుమార్ కేసులో 2014 జూలై 2న సుప్రీంకోర్టు గడువు కూడా పెట్టింది: కేసు కట్టిన రెండు వారాల్లో నోటీసు అందాలి. గడువు పెంచాలంటే ఎస్పీ కారణం రాయాలి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. కోర్టు పల్చగా ఉంది. కూర్చుని పాత చట్టం, కొత్త చట్టం పక్కపక్కన పెట్టి చదివాను. కోర్టు సమన్లు అందుకోవాల్సిన మనిషి దొరక్కపోతే, అతనితో కలిసి ఉండే కుటుంబంలోని పెద్దవారికి ఇవ్వొచ్చు. పాత చట్టంలో ఆ పెద్దవారు మగవారై ఉండాలి. కొత్తదాంట్లో ఆ మాట తీసేశారు. అంటే యాభై ఏళ్ల పాటు, భర్త పేరిట వచ్చిన క్రిమినల్ కోర్టు సమన్లకు ఇల్లాలి సంతకం చెల్లలేదు. సాయంత్రం ఇంటికి తాంబూలం ఇవ్వడానికి వచ్చిన పక్కింటావిడకు చెబితే, "రేషన్ బియ్యానికి మాత్రం నా వేలిముద్రే కావాలి" అంది.

ఆగస్టు 13, బుధవారం

పిటిషన్‌కు ఆధారాలు వెతికాను. సతేందర్ కుమార్ అంతిల్ కేసులో ఈ జనవరి 21న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదు. మార్చమని హర్యానా ప్రభుత్వం అడిగితే జూలై 16న కాదంది.

జూనియర్‌కు ఒక సందేహం: "కోర్టు సమన్లు ఫోన్‌లో పంపొచ్చట కదా సార్, పోలీసు నోటీసుకు ఏమొచ్చింది?" సమన్లు కోర్టు ముద్రతో వస్తాయి, జడ్జి పని అది. ఈ నోటీసు పోలీసు పని. అందుకుని రాకపోతే మనిషి స్వేచ్ఛే పోతుంది. ఆ పట్టింపు వల్లే, చట్టసభ ఎలక్ట్రానిక్ పద్ధతిని ఇక్కడ కావాలనే వదిలేసిందని కోర్టు అంది.

ఆగస్టు 19, మంగళవారం

టీ కొట్టు దగ్గర స్టేషన్ రైటరు కలిశాడు. "ఆ ఊరికి పోయి రావడానికి పూట పడుతుంది సార్. పోతే మనిషి చేలో ఉంటాడు. పెట్రోలు మా జేబులోంచి. ఫోన్‌లో అయితే నిమిషం పని." అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ మిగిల్చిన పూటకు బదులుగా మావాడు పదిహేను రోజులు ఇంట్లో పడుకోలేదు.

ఆగస్టు 21, గురువారం

సెషన్స్ కోర్టు. ఫొటో ప్రింటు తీసి జడ్జిగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ వేలి వైపు కాసేపు చూశారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. 35(3) పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి విచారించమని ఉత్తర్వు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఆగస్టు 25, సోమవారం

కానిస్టేబుల్ ఊరికి వెళ్లి, రెండు కాపీలు తీసి, తేదీ పైకి చదివి వినిపించాడట. ఒకటి మావాడి చేతికిచ్చి, రెండోదాని మీద సంతకం తీసుకున్నాడు. సాయంత్రం మావాడు తన కాపీ తెచ్చి చూపించాడు, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో. తేదీ స్పష్టంగా ఉంది.

ఇంటికి వెళ్లేముందు అతనికి చెప్పిందే ఇక్కడా రాసుకుంటున్నాను. నోటీసు చేతికొస్తే తేదీ, టైము, స్టేషను, కేసు నంబరు చూసుకోవాలి. మన కాపీ మన దగ్గరుండాలి. ఆ రోజు వెళ్లలేకపోతే కారణం రాసిచ్చి రసీదు తీసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చినా, చెల్లదు కదా అని పక్కన పడేయొద్దు. ఆ రోజే ఎవరైనా వకీలుకు చూపించాలి.