బోణీ బేరం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపట్ల అంగళ్ళ ముందు ఓ గంటసేపు నిలబడితే చాలు, బేరమనే విద్యలో పట్టా పుచ్చుకోవచ్చు. "రండి స్వామీ" అని తెలుగులో మొదలుపెట్టి, "వాంగ సామీ" అని తమిళంలో అందుకుని, "ఆయియే" అని హిందీలో ముగిస్తాడు అంగడివాడు. ముఖం చూచి భాష, చెప్పులు చూచి ధర! మా చిత్తూరు ప్రాంతపు ఇల్లాలు చెప్పిన ధరకు వస్తువు కొన్నదంటే, ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఆమెను వారంరోజులు బతకనివ్వరు.

ఇంతటి శిక్షణ పొందిన మా ఆవిడకు ఇస్తాంబుల్ పెద్ద బజారు పుట్టిల్లులా తోచిందంటే వింతేముంది? 15వ శతాబ్దంలో సుల్తాను రెండవ మెహమెద్ కాలంలో మొదలైన బజారు అది. పైన కప్పు, కింద అరవై దాకా వీధులు, ఇంచుమించు 4,000 అంగళ్ళు. బజారన్న మాట పారశీకం నుంచి మనకు వచ్చినట్టే వాళ్ళకూ వెళ్ళింది. వాళ్ళు 'పజార్' అంటారు, బేరాన్ని 'పజార్లిక్' అంటారు. (మన బేరానికి మాత్రం తమిళుల 'పేరం'తో చుట్టరికం. తెలుగు మేష్టరుకు ఏ దేశం వెళ్ళినా ఈ పిచ్చి వదలదు.)

అంగడాయన ముందుగా చిన్న గాజుగ్లాసుల్లో టీ తెప్పించాడు. పాలు లేని ఆ టీని మా ఆవిడ కషాయం తాగినట్టు తాగి, రంగుగాజుల దీపమొకటి చూపించి ధర అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ అందులో మూడోవంతు అంది. ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బయటికి నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగులూ తిరుపతి విద్య! ఐదో అడుగు పడకముందే వెనకనుంచి పిలుపు వచ్చింది. సగానికి కాస్త పైన బేరం తెగింది. ఆయన నోటును గడ్డానికి రాసుకుని "సిఫ్తా" అన్నాడు. విచారిస్తే, అది మన బోణీయే.

బాంకాక్ చతుచాక్ సంతలో మాటలతో పనే లేదు. అమ్మే అమ్మాయి లెక్కల యంత్రం మీద అంకె నొక్కి చూపుతుంది, మనం చెరిపి మన అంకె నొక్కాలి. పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరానికి ఇది చెల్లెలు.

చిక్కల్లా, దేశాలు తిరిగినవాళ్ళు 'ఎంత చెప్పినా సగానికి అడుగు' అన్న సూత్రాన్ని సంచిలో వేసుకుని ఊళ్ళో దిగటంతో వస్తుంది. మొన్న శ్రీకాళహస్తిలో, మాతో వచ్చిన బంధువొకాయన కలంకారీ పనివారి ఇంట్లో శ్రీరామ పట్టాభిషేకం తెర చూచి, ఠక్కున సగానికి అడిగాడు. ఆ తెర వెనక పని ఎంతో! గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండించాలి. చింతబరికెల బొగ్గుతో బొమ్మ వెయ్యాలి. ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టి తీసిన నలుపులో వెదురుకలం ముంచి గీతలు గియ్యాలి. పటిక పూసి, ఉతికి, ఆరేసి, ఒక్కొక్క రంగుకూ మళ్ళీ మళ్ళీ అదే చాకిరీ. ఆదరణ కరవై ఈ విద్య అంతరించబోతే, 1957లో అక్కడ శిక్షణకేంద్రం పెట్టి నిలబెట్టవలసి వచ్చింది. దీపాల అంగడాయన దిగే మెట్లు ముందే కట్టుకుని ధర చెబుతాడు. ఈ ఇంట్లో ధర అంటే పనిచేసిన దినాల లెక్క, దిగటానికి మెట్లేవీ?

పనివాడు కోపగించుకోలేదు. "సగానికంటే రాములవారిని ఇస్తాను సార్, సీతమ్మను ఇచ్చేదానికి కాదు" అన్నాడు.

నవ్వాలో వద్దో తెలియక మా బంధువు దిక్కులు చూస్తుండగా, మా ఆవిడ పర్సు తీసి, చెప్పిన ధర చెప్పినట్టు లెక్కపెట్టి ఇచ్చింది. దారిలో నాతో రహస్యంగా, "మన వీధిలో ఎవరైనా ఎంతకు కొన్నారని అడిగితే మాత్రం సగం చెప్పండి" అంది.