పుర్రెకో ప్లాను

మా హోసూరు చలి నా ముక్కుకు పడదని ముప్ఫయ్యేళ్లుగా సరిపెట్టుకుంటూ వచ్చాను. పడిశం పట్టిందంటే నెలకుగాని వదలదు. మిరియాల కషాయం, ఆవిరి, మాత్రలు అన్నీ అయ్యాయి. చివరికి మా ఆవిడ పోరు పడలేక బెంగుళూరు వెళ్లి ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన సీటీ స్కాన్ తీయించి, "ఆపరేషన్ చెయ్యొచ్చు. కానీ కుడివైపు మీకు ఓనోడి గది ఉంది. దాని గోడలోనే కంటి నరం" అన్నాడు.

నేను బీకాం చదివినవాణ్ణి. తలలో గదులేమిటో నాకేం తెలుసు? ఆయన కన్నడంలో మొదలుపెట్టాడు, నేను తమిళంలో అందుకున్నాను, ఇద్దరం ఇంగ్లీషులో తేలాం. అంతా అర్థమైనట్టే తల ఊపాను. ఇంటికొచ్చి మా ఆవిడకు తెలుగులో చెప్పబోయినప్పుడుగాని నాకెంత అర్థమైందో బయటపడలేదు. మళ్లీ వెళ్లి అడిగి తెలుసుకున్నది ఇది.

సైనసులంటే ముఖం ఎముకల్లో గాలి నిండిన గదులు. నాలుగు జతలు: బుగ్గల్లో, నుదుటిలో, కళ్ల మధ్య, ఇంకా వెనక పుర్రె అడుగున. కళ్ల మధ్యవి తేనెపట్టులాగా చిన్న చిన్న అరలు. పుర్రెకో బుద్ధి అన్నారు గదా, పుర్రెకో ప్లాను కూడా. కొందరికి నుదుటి గది ఒకవైపు ఉండనే ఉండదు. కొందరికి కంటి కింద ఒక అర ఎక్కువ లేచి, బుగ్గ గది వాకిలిని ఇరుకు చేస్తుంది. దానికి 18వ శతాబ్దపు స్విస్ పండితుడు హాలర్ పేరు పెట్టారు. నాలాంటివాళ్లకు వెనక అర ఒకటి అడుగు గది మీదికి పాకి, కంటి నరాన్ని తాకుతుంది. ఓనోడి హంగరీ డాక్టరు. పైకప్పు కూడా అందరికీ ఒకే ఎత్తులో ఉండదు. వాసన నరాలుండే పల్లం లోతును బట్టి 1962లో కెరోస్ అనే ఆయన మూడు తరగతులు చేశాడు: 1 నుంచి 3, 4 నుంచి 7, 8 నుంచి 16 మిల్లీమీటర్లు. లోతు పెరిగినకొద్దీ పక్కనున్న పలచటి ఎముకకు దెబ్బ తగిలే భయం ఎక్కువ. దాని అవతల మెదడే.

ఈ తేడాలు జబ్బులు కావు. ఇవి ఉండి ఏ బాధా లేనివాళ్లు ఎందరో. ఉన్నాయని తెలియకుండా పరికరం లోపలికి పెట్టడమే ప్రమాదం. ఇంటి అప్పు ఇచ్చేముందు మేమూ ప్లాను చూసి ఊరుకోం, స్థలానికి వెళతాం. ముద్ర పడిన ప్లానులో లేని గది అక్కడ లేచి ఉంటుంది. స్కాన్ అంటే ఆ స్థలానికి వెళ్లి చూడటమే.

"కంటికేమన్నా అయితే ఎట్లండీ?" అంది మా ఆవిడ. ఆ మాట గొంతులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. నర్సు కాగితాల మీద పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి, అక్కడక్కడ సంతకం చెయ్యమంది. చెయ్యి ఆగింది. అవే గుర్తులు పెట్టి ఎన్ని వేలమంది చేత సంతకాలు పెట్టించానో గుర్తొచ్చింది. డాక్టరును అడిగాను: "సార్, రిపోర్టు చదివారా, ఫిల్ము మీరే చూశారా?" ఆయన కోప్పడలేదు. ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి నరం చూపించాడు. "రిపోర్టు రాసినాయన లోపలికి పోడు గదా, పోయేది నేను. ఆపరేషన్ అయ్యేదాకా ఇది నా కళ్లెదుటే ఉంటుంది" అన్నాడు. సంతకం పెట్టాను.

నెలన్నరకు వంటింట్లోంచి ఇంగువ తిరగమోత వాసన తగిలింది. కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి మా ఆవిణ్ణి చూశాను. "ఏమిటా వేషాలు?" అంది.

మొన్న బ్యాంకుకు పక్కపల్లె ముసలమ్మ ఒకామె పంట అప్పు కాగితాలతో వచ్చింది. అలవాటుగా ఇంటూలు పెట్టి అందించాను. ఆమె కలం ముట్టలేదు. "దీంట్లో ఏం రాసుండాది సామీ?" అంది. కుర్చీ చూపించి, మొదటి పేజీ నుంచి తెలుగులో చెప్పాను. ఇరవై నిమిషాలు పట్టింది. వెనక వరసలోవాళ్లు గొణుగుతూనే ఉన్నారు.