పది యోజనాల గజుడు

కిష్కింధకాండ చివర సముద్రతీరాన జరిగే సభను పాఠంగా చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకచోట నవ్వేవారు. 100 యోజనాల కడలిని దాటవలె. ఎవరెంత దూరం లంఘించగలరో చెప్పమని అంగదుడు అడుగుతాడు. గజుడు లేచి 10 యోజనాలంటాడు. గవాక్షుడు 20, గవయుడు 30, శరభుడు 40... ఇలా పెరుగుతూ సుషేణుడి 80 దాకా వస్తుంది. నవ్వు పుట్టేది గజుడి దగ్గరే. 100 కావలసినచోట 10 చెప్పడానికి లేవడమేమిటని!

కాని మిత్రులారా, ఆ సభలో వాల్మీకి ఎవరినీ నవ్వనీయలేదు. పదివాడూ ఎనభైవాడూ ఒకే గౌరవంతో తమ లెక్క చెప్పి కూర్చున్నారు. వెళ్ళగలను గాని తిరిగి రావడం సందేహమని యువరాజు తన కొరతను కూడ దాచుకోలేదు. 'నీవు పంపవలసినవాడవే గాని పోవలసినవాడవు కావు' అని జాంబవంతుడు ఆయనను వారించి, దూరంగా మౌనంగా కూర్చున్న హనుమ వైపు తిరిగాడు.

వ్యక్తిత్వవికాస గ్రంథకర్తలు ఈ ఘట్టాన్ని హనుమ ఆత్మవిశ్వాసం కింద జమకడతారు. నా మనసు మాత్రం జాంబవంతుని మీదికే పోతుంది. యౌవనంలో తన బలమెంతో, ముసలితనంలో ఎంత మిగిలిందో లెక్కగా చెప్పి, ఎదుటివాని బలాన్ని వానికే గుర్తుచేసిన వృద్ధుడాయన. (పదవీవిరమణ చేసినవారికి ఈ పాత్ర మీద కొంత పక్షపాతం సహజమే.)

యుద్ధకాండలో నలుడూ అంతే. విశ్వకర్మ కొడుకు, సేతువు కట్టగలడు. ఆ సంగతి సముద్రుడు చెబితే తప్ప బయటపడలేదు. అడగనిదే తన గుణాలు తాను చెప్పుకోలేదంటాడు. అటువంటివాడు 5 రోజులలో 100 యోజనాల వంతెన కట్టించాడు.

నేను పనిచేసిన ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఒక లెక్కల మాస్టారుండేవారు. కంఠం బొత్తిగా చిన్నది. 60 మంది ఉన్న తరగతిలో ఆయన మాట మూడవ బల్ల దాటేది కాదు. అప్పటి ప్రధానోపాధ్యాయులు అది గమనించి, పెద్ద తరగతులను గొంతున్న మరొకరికిచ్చి, లెక్కలలో తప్పిన పదిమందిని ఈయన ముందు వరండాలో కూర్చోబెట్టించారు. నేలమీద సుద్దముక్కతో గీసి, పిల్లవాడు ఏ మెట్టు దగ్గర జారాడో అక్కడికి వెళ్ళి చేయి పట్టుకొనేవారు మాస్టారు. భాగహారం రాని పిల్లలు పదవతరగతి గట్టెక్కడం నేను కళ్ళారా చూశాను. తనిఖీకి వచ్చిన అధికారి "ఈయనకు పీరియడ్లు తక్కువేమిటి?" అని అడిగితే, "ఆ పదిమందిని మరెవరైనా తీసుకుంటే ఈయనకు ఎన్నయినా ఇస్తాను" అన్నారు ప్రధానోపాధ్యాయులు. స్టాఫురూములో ఎవరమూ నోరు మెదపలేదు.

ఆయనకు బదిలీ అయింది. తరువాత వచ్చినవారు చెడ్డవారు కారు. అందరికీ సమానంగా పంచడమే న్యాయమని నమ్మినవారు. టైంటేబులు గళ్ళన్నీ సరిసమానంగా నిండాయి. మాస్టారు 60 మంది ముందు నిలబడ్డారు. వెనకబల్లల నుండి పిల్లికూతలు మొదలయ్యాయి. తరగతి అదుపులో లేదని రెండు మెమోలు వచ్చాయి. ఏడాది తిరగకుండా ఆయన స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. ఆడపిల్ల పెళ్ళి ఇంకా కాలేదు. పింఛను సగమే చేతికందింది.

వరండా తరగతి ఆయనతోనే పోయింది. ఆ యేడు లెక్కలలో తప్పి బడి మానినవారిలో ఒకడు తరువాత మా వీధిలోనే సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. నన్ను చూస్తే లేచి నిలబడి, "లెక్కల సారు ఎట్లున్నారండీ?" అని అడిగేవాడు. ప్రధానోపాధ్యాయుల పేర్లు వాడికి జ్ఞాపకం లేవు.

మొన్న సంక్రాంతికి మాస్టారి ఊరు వెళ్ళాను. ఎనభై దాటినవి. అరుగుమీద నలుగురు పిల్లలు ఆయన చుట్టూ వంగి కూర్చొని ఉన్నారు. వీధిలోంచి చూస్తే ఆయన పెదవులు కదలడమే కనబడింది, మాట వినపడలేదు. పిల్లలకు మాత్రం వినబడుతున్నట్లే ఉన్నది.