ఆ ట్యూబు కొన్నదెవరు?

ముఖం ఎర్రబడి, మొటిమలు పొంగి, ఎండలోకి వెళ్తే మండిపోతోందని నా దగ్గరకు వచ్చే ఆడపిల్లల్ని నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. మొదటిది, "మొహానికి ఏం రాస్తున్నావమ్మా?" రెండోది, "అది కొన్నదెవరు?" మొదటి ప్రశ్నకు జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. హ్యాండ్‌బ్యాగు అడుగునుంచి నలిగిపోయిన ట్యూబు బయటికి రావాలి. రెండోదానికి పిల్ల నోరు తెరవక్కర్లేదు. పక్కన కూర్చున్నవాళ్ళు తల దించుకుంటారు. అమ్మ కొంటుంది, మేనత్త కొంటుంది, కాబోయే ఆడపడుచు ఫోన్లో పేరు పంపిస్తుంది. ఏలూరు నుంచి వచ్చినా, తాడేపల్లిగూడెం నుంచి వచ్చినా, కైకలూరు, ఆకివీడు పక్క ఊళ్ళ నుంచి వచ్చినా ఈ వరస పెద్దగా మారదు. అందుకే ఈ జబ్బుకు పేషెంట్లు ఇద్దరని నేను నమ్ముతాను: రాసుకున్నవాళ్ళు, కొనిచ్చినవాళ్ళు. ఇద్దరికీ వైద్యం చేస్తేగానీ ఆ ముఖం బాగుపడదు.

ఇక్కడ చెప్పే మనుషుల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. జబ్బు వివరాలు మాత్రం మార్చలేదు.

కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. పిల్ల డిగ్రీ మధ్యలో ఆపేసి రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోంది. మంచి సంబంధం కుదిరింది. పెళ్ళిచూపులనాడు అబ్బాయి తరఫు పెద్దావిడ ఒకరు, "పిల్ల లక్షణంగా ఉంది, రంగే కాస్త తక్కువ" అని వెళ్ళారట. ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టలేదు. మర్నాడు మందుల షాపుకెళ్ళి, తెల్లబడటానికి ఏదైనా ఇవ్వమని అడిగి ట్యూబు తెచ్చింది.

"మూడు వారాలకి అందరూ మెచ్చుకున్నారండి డాక్టరమ్మగారూ. నిశ్చితార్థం ఫొటోల్లో ఎంత బాగా వచ్చిందో! మానేస్తే రెండ్రోజులకే మొహం మండిపోతోందండి. మళ్ళీ రాస్తే తగ్గుతోంది. ఇంక మానలేకపోతన్నామండి," అంది తల్లి.

చున్నీ తీయమన్నాను. బుగ్గల మీద వెంట్రుకంత సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి తేలి కనిపిస్తున్నాయి. నుదుటి నిండా ఒకే సైజు పొక్కులు. దవడ అంచున నూగు దట్టమైంది. కళ్ళ కింద చర్మం పలచబడి మెరుస్తోంది. చెవి వెనక మాత్రం మచ్చ లేని చక్కటి చామనఛాయ. ఆ పిల్ల చెయ్యి పైకెత్తించి, ఎండ తగలని జబ్బ లోపలివైపు చూపించాను. "ఇదమ్మా నువ్వు పుట్టిన రంగు. ఎండకు కమిలిన నలుపు తగ్గించడం నా చేతిలో ఉంది. దీన్ని దాటి తెల్లబరుస్తామని ఎవరు చెప్పినా నమ్మకు" అన్నాను. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథసోన్ అని రాసి ఉంది.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్నీ స్టెరాయిడ్లే. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బుల్లో ఇవి గొప్ప మందులు, నేనూ రాస్తాను. ముఖానికి ఊరికే రాస్తే మొదట రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగునిచ్చే మెలనిన్ తయారీ తగ్గుతుంది. రెండు మూడు వారాలు ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఊళ్ళో అందరూ మెచ్చుకునేది ఆ వారాల్లోనే. తర్వాత చర్మం పలచబడుతుంది, ముడుచుకున్న నాళాలు సాగి శాశ్వతంగా పైకి తేలతాయి, మొటిమలు లేస్తాయి. మానగానే ఎరుపు, మంట రెట్టింపై తిరగబడతాయి. దాంతో ట్యూబే మందనుకుని మళ్ళీ రాస్తారు. ఈ స్థితిని వర్ణించడానికి మన దేశపు చర్మవైద్యులే ఒక పేరు పెట్టాల్సి వచ్చింది: స్టెరాయిడ్ పూతతో దెబ్బతిన్న ముఖం అని.

ఈ కథకు 1975 ముఖ్యమైన సంవత్సరం. ఫెయిర్ అండ్ లవ్లీ మన బజారులోకి వచ్చింది అప్పుడే. అందులో స్టెరాయిడ్ లేదు. కానీ వారాల్లో తెల్లబడొచ్చు, తెల్లబడితే ఉద్యోగం, పెళ్ళి నడిచొస్తాయి అన్న ఆశను ఇంటింటికీ చేర్చింది ఆ ప్రకటనలే. అదే 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు మంగు మచ్చల వంటివాటికి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ కలిపిన మందును ప్రకటించారు. డాక్టరు కనుసన్నల్లో కొద్ది వారాలు వాడాల్సిన ఆ రకం మిశ్రమమే, స్టెరాయిడ్ మార్చుకుని, మన దగ్గర చీటీ లేకుండా దొరికే తెల్లక్రీము అయింది. ఒకటి కోరిక పుట్టించింది, ఇంకొకటి ఆ కోరికను కొన్నాళ్ళపాటు నిజం చేసి చూపించింది. 2020లో మొదటిది పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. కోరిక మాత్రం పేరు మార్చుకోలేదు.

2011లో వెలువడిన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల చర్మవైద్యులు, ముఖం సమస్యలతో వచ్చిన 2926 మందిని చూశారు. వాళ్ళలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. వారిలో సగానికి పైగా ఆ మందు మొదలుపెట్టింది డాక్టరు చెప్పి కాదు, ఇతరుల సలహా మీద. నా రెండో ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో ఈ లెక్కే చెబుతుంది. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడాక, 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా ట్యూబులు నా బల్ల మీదకు వస్తూనే ఉన్నాయి.

ఇది ఆడపిల్లల సమస్యే అనుకోకండి. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదివే కుర్రాడు గజ్జల్లో తామరని వచ్చాడు. దురదకు ఏం రాశావంటే, ముఖానికి రాసుకునే క్రీమే అక్కడా రాశానన్నాడు. స్టెరాయిడ్ దురదను కప్పిపెట్టింది, తామర తొడల దాకా పాకింది. ట్యూబు తనే కొనుక్కున్నాడు. తెల్లబడాలని ఎందుకనిపించింది బాబూ అని అడిగితే, చిన్నప్పట్నుంచీ మావయ్య "ఒరే నల్లోడా" అనే పిలుస్తాడన్నాడు. మావయ్యది ముద్దే. ఆ కుర్రాడు మాత్రం ఆ పిలుపును హాస్టలు దాకా మోసుకొచ్చాడు.

అంతకంటే ముందే మొదలవుతుంది ఇది. ఒక నాన్నమ్మ ఆరు నెలల మనవరాల్ని తెచ్చింది. ఒళ్ళంతా దద్దుర్లు. పుట్టిన రోజునే చెవి తమ్మెల అంచులు చూసి పిల్ల నలుపొస్తుందని తేల్చేశారట. అప్పట్నుంచి పెసరపిండి, పసుపు, మీగడ కలిపి రోజూ గట్టిగా నలుగు పెడుతున్నారు. కడుపుతో ఉన్న కోడలికి కుంకుమపువ్వు పాలు తాగించిందీ ఆవిడే. కుంకుమపువ్వు బిడ్డ రంగు మార్చదు, నలుగు మెలనిన్‌ను తోమేయదు. ఆ సంగతి చెప్పి, "పాపకి నూనె రాసి మెల్లగా స్నానం చేయించండమ్మా, అంతకంటే ఏమీ వద్దు" అన్నాను. ఆవిడ నా మాట కాదనలేదు గానీ, "రేపు పెళ్ళి చేసేటప్పుడు మేం పడతాం కదండీ బాధ" అంది.

ఆ వాక్యంలో అంతా ఉంది. ఇంకో ఇంటి నుంచి వచ్చిన ఒక తల్లి పెద్ద కూతురి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ చూపించి, బొల్లేమోనని ఏడ్చింది. అదే రోజు, అదే కుర్చీలో కూర్చుని, చిన్న కూతుర్ని కాస్త తెల్లగా చేయమంది. ఒక తెలుపుకు భయం, ఒక తెలుపుకు ఆరాటం. రెండింటికీ మూలం పిల్లను ఎవరో వంకపెడతారన్న దిగులే. తల్లులు ట్యూబు కొనేది ప్రేమలేక కాదు, ప్రేమకు తోడు ఆ దిగులు ఉండబట్టి. వాళ్ళను గద్దించి పంపే డాక్టరు వైద్యం సగంలో వదిలేసినట్టే.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో పాదరసం కూడా ఉంటుంది. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది, చర్మంలోంచి రక్తంలోకి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళ మలప్పురం జిల్లాలో 2021–23 మధ్య ఒక ఆసుపత్రి వైద్యులు ఒక రకం కిడ్నీ జబ్బున్న 22 మందిని పరీక్షిస్తే, 15 మందిలో ఒక ప్రత్యేకమైన ప్రొటీను గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళు. లేబుల్ లేని క్రీము రాస్తున్నామని చెబితే నేను కాళ్ళ వాపు చూస్తాను, మూత్రపరీక్ష చేయిస్తాను. ఇక గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు ఎక్కించుకుంటామని అడిగేవాళ్ళకు ఒకటే చెబుతాను: తెల్లబడటం కోసం మన దేశంలో దానికి అనుమతి లేదు.

రంగు ఎక్కణ్ణించి వస్తుందో కూడా ఓపీలో చెబుతాను, వింటారు. నల్లవాళ్ళకైనా తెల్లవాళ్ళకైనా రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒకటే. ఎంత మెలనిన్, ఏ రకంది తయారవుతుందన్న దాంట్లోనే తేడా. ఆ మెలనిన్ చర్మకణం లోపల కేంద్రకాన్ని గొడుగులా కప్పి ఎండ దెబ్బనుంచి కాపాడుతుంది. చెరువు పట్టుబడి రోజున పొద్దుట్నుంచీ నీళ్ళగట్టున నిలబడే మనిషికి అంతకంటే కావలసిందేముంది? రంగును నిర్ణయించే ముఖ్యమైన జన్యువుల్లో ఒకదాన్ని 2005లో కనుక్కున్నది మన వాగుల్లో దొరికే చిన్న చారల చేప, జీబ్రా ఫిష్ సాయంతో. అదే జన్యువు మీద 2013లో వచ్చిన అధ్యయనంలో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. యూరపువాళ్ళ తెల్లదనానికి కారణమైన మార్పే మనలో చాలామందిలోనూ ఉందని, రెండింటి మూలమూ ఒకటేనని అది చూపించింది. అమ్మానాన్నల నుంచి ఏ పాళ్ళు ఎవరికి వస్తాయో ఎవరి చేతిలోనూ లేదు. అక్క పచ్చగా, చెల్లెలు నల్లగా పుట్టడంలో ఎవరి తప్పూ లేదు.

లంక గ్రామం పిల్లకు నయం కావడానికి నెలలు పట్టింది. ట్యూబు మాన్పించి, తిరగబడే మంటకు వేరే మందులిచ్చి, సన్‌స్క్రీన్, మాయిశ్చరైజరు రాయించి, ఎండలోకి గుడ్డ కట్టుకుని వెళ్ళమన్నాను. ఎరుపు, పొక్కులు తగ్గాయి. పైకి తేలిన నాళాలు కొన్ని మిగిలాయి. ప్రతిసారీ తల్లితో విడిగా మాట్లాడాను. ఈ మధ్య ఆవిడే చెప్పింది: వియ్యాలవారి తరఫు మనిషి ఒకరు మళ్ళీ రంగు మాట ఎత్తితే, "మా పిల్ల రంగు అదేనండి, చూసే కదా ఒప్పుకున్నారు" అందట. మీరు కోపంగా అన్నారా అని అడిగితే, "లేదండీ, మామూలుగానే అన్నానండి" అంది. పెళ్ళి ఆగలేదు.

2019లో సాయిపల్లవి ఫెయిర్‌నెస్ ప్రకటన కాదందని వార్త వస్తే, మా ఓపీలో పిల్లలు ఆ సంగతి మురిసిపోతూ చెప్పుకున్నారు. అలాంటి పెద్ద పేర్లు ధైర్యమిస్తాయి. కానీ పెళ్ళిచూపుల గదిలో పిల్ల పక్కన కూర్చునేది అమ్మ, నాన్న, మేనత్త. రంగు వంక అక్కడికక్కడే ఆగాలంటే ఆ పెద్దలే నోరు విప్పాలి.

ఇప్పటికే రాస్తుంటే భయపడి ఒక్కసారిగా మానేయకండి, మంట తట్టుకోలేక మళ్ళీ మొదలుపెడతారు. ట్యూబు, డబ్బా ఏదైనా అట్టపెట్టెతో సహా తీసుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పిల్లను ఒంటరిగా పంపకండి. కొనిచ్చిన పెద్దవాళ్ళు కూడా రండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి పిలవడం లేదు. ఆ పిల్లకు మీ మాట మీద ఉన్న నమ్మకం నా మందు మీద ఎప్పటికీ ఉండదు. "నీ రంగు బాగుంది" అని మీరంటే ఆ పిల్ల నమ్ముతుంది.